నవ్వుతూ చెప్పిన కడుపునొప్పి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, లోకంలో నాకు తెలియని పని లేదన్నంత ధీమా ఉండేది నాకు. సైగల భాషకు ఆన్‌లైన్‌లో నిఘంటువు తయారు చేయడం మా పని. మాట నొక్కితే ఆ సైగ చేసి చూపించే చిన్న వీడియో వస్తుంది. నా చదువు చూసి ఉద్యోగమిచ్చారని అందరికీ చెప్పుకున్నాను గానీ, నిజానికి ఇచ్చింది మా చిన్నమ్మను చూసి. ఆమెకు పుట్టుకతోనే వినపడదు. మా ఊరు తరిగొప్పులలో ఆమె ఒళ్లోనే పెరిగాను కాబట్టి మాటల కంటే ముందు సైగలే వచ్చాయట నాకు (తర్వాత వచ్చిన మాటలు ఇప్పటికీ ఆగలేదని మా ఆయన ఫిర్యాదు).

దవాఖానలో పనికొచ్చే మాటల వీడియోలన్నీ చిన్నమ్మతోనే తీయాలనుకున్నాం. ఆమెకూ అదే పట్టుదల. ఒకసారి కడుపునొప్పితో ఒక్కతే దవాఖానకు పోతే, ఆకలేస్తోందనుకుని అరటిపండు చేతిలో పెట్టి పంపేశారు. "ఇగ ఎవ్వలికీ గట్ల అరటిపండు ఇయ్యొద్దు బిడ్డా" అంది (చేతులతోనే అనుకోండి).

జనగామలో పెళ్లిళ్ల ఫొటోలు తీసే ఒక అన్న స్టూడియో దొరికింది. చిన్నమ్మ పట్టుచీర కట్టుకొచ్చింది. అన్నకు అలవాటు పోదు కదా! "జర నవ్వక్కా, మంచిగుంటది" అంటూ రెండు వేళ్లతో తన పెదాలు సాగదీసి చూపించేవాడు. ఆమె నవ్వేది. జ్వరం నవ్వుతూ వచ్చింది, వాంతులు నవ్వుతూ అయ్యాయి, కడుపునొప్పికైతే పెళ్లికూతురిలా సిగ్గు కూడా పడింది. సైగల్లో సగం మాట ముఖమే చెప్పాలని తెలిసిన నేను, చూడముచ్చటగా ఉందని మురిసిపోయి అన్నీ పంపించేశాను.

పై ఆఫీసు అన్నీ తిప్పి పంపింది. "ఈవిడకు జబ్బులంటే ఇష్టంలా ఉంది. రేపు కూడా ఇలాగే వస్తే వేరే ఆవిడను పెట్టుకుంటాం" అన్నారు. ఆ సంగతి చిన్నమ్మకు చెప్పడానికి నాకు చేతులాడలేదు. చెప్పాక ఆమె పట్టుచీర మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు నేనే రంగంలోకి దిగి, నొప్పంటే ఎలా ఉండాలో నటించి చూపించాను. చిన్నమ్మ పడీపడీ నవ్వింది. నాకు పౌరుషమొచ్చి ఇంకా మెలికలు తిరిగేసరికి కాలు తగిలి లైటు స్టాండు నా బొటనవేలి మీద పడింది. నా కేక ఆమెకు వినపడలేదు గానీ ముఖం కనపడింది. "నొప్పా? రక్తమొస్తందే! నడువు దవాఖానకు!" అని చేతులు ఆడించడం మొదలుపెట్టింది. నన్ను లేపాలన్నా ఆ చేతులే, మాట్లాడాలన్నా ఆ చేతులే, పాపం రెండింటికీ చాలలేదు. అన్న మాత్రం కెమెరా వదల్లేదు. "కదలకు చెల్లె, అక్క ముఖం మస్తు వస్తంది!" అన్నాడు.

కట్టు కట్టించుకొచ్చాక నన్ను కెమెరా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. చిన్నమ్మ ప్రతి జబ్బూ నా వేలివైపు చూస్తూనే చెప్పింది. ఇక ముఖానికి ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది. ఈసారి ఆఫీసు ఒక్కటీ తిప్పి పంపలేదు.

మొన్న మహబూబాబాద్‌లో ఒక నర్సమ్మ, వినపడని ముసలాయన సైగను ఫోన్‌లో మా వీడియోతో పోల్చుకుని కడుపునొప్పని కనిపెట్టిందట. అరటిపండు ఇవ్వలేదు. అది విని నేనూ ఆ వీడియో తెరిచాను. చిన్నమ్మ చూపు కెమెరా వైపు ఉండదు, కాస్త పక్కకు, కిందికి ఉంటుంది. చూసేవాళ్లు ఏమనుకుంటారో మరి. అక్కడ స్టూలు మీద కట్టు కట్టిన కాలు చాపుకుని, తనకు తెలియని పని లేదనుకున్న ఓ పిల్ల కూర్చుని ఉంది. దాని వేలు ఎప్పుడో మానిపోయింది. చిన్నమ్మ మాత్రం ఆ వీడియోలో దాన్ని చూసి ఇంకా బాధపడుతూనే ఉంది.