పుల్ల పెడితే పకపకా నవ్విన బాబాయ్

మొన్న శుక్రవారం పొద్దున జగిత్యాల దగ్గరి ఒక పల్లె నుంచి ఫోను వచ్చింది. బాబాయ్ నిద్రలోనే పోయాడని ఆయన కూతురు చెప్పింది. ముందురోజు సాయంత్రం మనవరాలితో దాగుడుమూతలు ఆడి, అలిసిపోయి పడుకున్నాడట. ఫోను పెట్టేసి వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆయన సంగతి వింటే మీకూ వస్తుంది.

ఆయన నాకు చుట్టం కాదు. మాది కాకినాడ. కరోనా రోజుల్లో దోహాలోని ఒక క్లినిక్‌లో, ప్రయాణికుల ముక్కులోంచి శాంపిల్ తీసే నర్సుగా పనిచేసేదాన్ని. బాబాయ్‌ది ఎత్తైన భవనాల చుట్టూ ఇనుప గొట్టాలు బిగించే పని. కార్మికులుండే బర్వా అల్ బరాహా క్యాంపులో ఉండేవాడు. నెగెటివ్ రిపోర్టు లేనిదే విమానం ఎక్కనివ్వరు కాబట్టి, కంపెనీ బస్సులో వచ్చి వరసలో నిలబడ్డాడు.

పుల్ల ముక్కు దగ్గరికి వెళ్లిందో లేదో పకపకా నవ్వాడు. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ నవ్వు, ఆపైన పెద్ద తుమ్ము. వెనకవాళ్లు బెదిరి దూరం జరిగారు. అంత ఎత్తున గొట్టాల మీద నడుస్తాను గానీ ఈ గిలికి మాత్రం ఆగలేనని తనలో తాను గొణుక్కున్నాడు. నేను తెలుగులో బదులిచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోయింది.

“మనోళ్ల బిడ్డవా? ముందుగాల చెప్పద్దా?” అన్నాడు.

ఎలాగో కాస్త తీసి పంపాను. మర్నాడు ల్యాబ్ వాళ్లు అది చాలదన్నారు. ఆయన విమానం ఆ మరుసటి రోజే. అది తప్పితే మళ్లీ సీటు ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేని కాలం. వెంటనే రమ్మని ఫోను చేశాను. ఆయన మెల్లగా చెప్పాడు, కూతురికి ఆడపిల్ల పుట్టిందని, తాను వచ్చాకే తొట్టెల, అంటే పాపను ఉయ్యాలలో వేసే వేడుక, చేస్తామని ఇంట్లో ఆపి ఉంచారని.

“నా బిడ్డల తొట్టెలకు ఒక్కదానికి లేను. నాయిన దుబాయ్‌ల ఉన్నడు అనేటోళ్లు, మా ఊర్ల గల్ఫంత దుబాయే. ఈ ఒక్కటన్న చూడాలె బిడ్డా.”

గంటలోపే వచ్చాడు. క్యాంపు గదిలో స్నేహితులంతా కూర్చోబెట్టి, దారం పేని ముక్కులో పెట్టి అలవాటు చేయించారట. చివరికి తాను తప్ప గదిలో అందరూ తుమ్మారని చెప్పాడు. కానీ నా చేతిలో పుల్ల చూడగానే పెదవులు బిగబట్టాడు, భుజాలు ఊగడం మొదలైంది. పాపకి ఏం పేరు పెడుతున్నారని అడిగాను. ఆయన నవ్వు మరిచిపోయి, వియ్యంకుల వైపు వాళ్లు ఒకటంటున్నారు, అల్లుడు ఒకటంటున్నాడు అని కోపంగా పంచాయితీ మొదలుపెట్టాడు. ఏ పేరూ తనకు నచ్చలేదని చెప్పి ఊపిరి తీసుకునేలోపు నా పని అయిపోయింది. ఈసారి నవ్వింది నేను. మాస్కు వెనక ఎన్ని నెలలకు నవ్వానో!

“నవ్వొస్తే ఆపుకోకు బిడ్డా. మాస్కు ఉంది, ఎవ్వరికి కనవడదు” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే రిపోర్టు వచ్చింది. మెసేజ్ వెళ్లేలోపు నేనే ఫోను చేసి నెగెటివ్ అని చెప్పాను. ఫోనులో వెనక నుంచి ఆయన గదిలోని స్నేహితులు సంబరంగా పళ్లేలు మోగించడం వినిపించింది. ఊళ్లో విడిగా ఉండాల్సిన రోజులు అయ్యాక తొట్టెల వీడియో పంపాడు. పూలు కట్టిన తొట్టెను ఎవరినీ ముట్టనివ్వకుండా ఆయనే ఊపుతున్నాడు.

ఆయన దోహాకి తిరిగొచ్చాక, రాకపోకలు మామూలయ్యాక, శుక్రవారాలు మదీనత్ ఖలీఫాలోని మా ఇంటికి వచ్చేవాడు. బెల్ కొట్టేవాడు కాదు, తలుపు బయట తుమ్మేవాడు. చేతిలో కాగితంలో చుట్టిన వేడి ఖుబూస్ రొట్టెలు ఉండేవి. మా ఆయన చేసిన పప్పులో కారం లేదని ప్రతిసారీ ఫిర్యాదు చేస్తూనే మళ్లీ వడ్డించుకునేవాడు. కరోనా కాలంలో నేను చూసినవన్నీ ఒక్కోసారి చెప్పుకునేదాన్ని. మధ్యలో మాట్లాడకుండా వినేవాడు. అన్నీ అయ్యాక, “తిన్నవా మరి?” అని అడిగేవాడు. అంతకన్నా పెద్ద ఓదార్పు నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఉద్యోగం మానేసి ఊరికి వెళ్లిపోయే ముందు, ఇన్నేళ్లున్నా సముద్రంలో కాలు పెట్టలేదన్నాడు. అల్ వక్రా బీచ్‌కి తీసుకెళ్లాం. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలోకి దిగాడు. చిన్న అల ఒకటి రాగానే వెనక్కి పరుగెత్తాడు. అది తగ్గగానే దాని వెంట పడ్డాడు. మేము గట్టున కూర్చుని ఇక చాలు రమ్మని పిలుస్తుంటే, వినిపించనట్టు ఇంకా ముందుకు వెళ్తూనే ఉన్నాడు.