వాపు తగ్గేదాకా

విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా నా చివరి వేసవి అది. సముద్రంలో వేట నిషేధం మొదలైన వారమే నూకరత్నం మా వార్డులో చేరింది. జాలరిపేటలో చేపలమ్మే పాతికేళ్ల మనిషి. ఎడమచేతిలో నాడి అందదు. అక్కడ కొలిస్తే బీపీ మామూలుగానే కనిపించేది. కుడిచేతికి పట్టీ కట్టి చూస్తే ప్రమాదకరంగా ఎక్కువుంది.

తకయాసు అనే ఈ జబ్బులో పెద్ద రక్తనాళాల గోడలు వాచి దారి ఇరుకవుతుంది. ఎడమచేతి నాళమూ అలా ఇరుకవడంతో అక్కడ బీపీ తప్పుగా, తక్కువగా కనిపించేది. ఆమె ఎడమ కిడ్నీకి వెళ్లే నాళం దారంలా మిగిలింది. రక్తం చాలక ఆ కిడ్నీయే బీపీని పైకి తోస్తోంది. బెలూన్‌తో వెడల్పు చేసినా మళ్లీ మూసుకుపోయింది. ఇక మిగిలింది బైపాస్. అంటే కాలి సిర తీసి, ఇరుకైన చోటును దాటేలా కుట్టడం.

మా సర్జన్ డాక్టర్ గ్రేస్ వయసులో నాకంటే చిన్నది, మొండితనంలో పెద్దది. రక్తపరీక్షలో వాపు ఇంకా చురుగ్గా ఉందని చూసి, కత్తి పట్టనంది. వాపు తగ్గడానికి స్టెరాయిడ్లు మొదలుపెట్టింది.

నూకరత్నం భర్త ఎల్లాజీ బతిమాలాడు. "ఇప్పుడైతే వేట నేదు, నాను దీని కాడే ఉంతానమ్మా. బోట్లు ఎల్లిపోతే దీన్నెవులు సూత్తారు?"

"వాచిన గోడకి కుట్టు నిలవదు ఎల్లాజీ. కిడ్నీ పోతుంది," అంది గ్రేస్.

ఈలోగా పక్షవాతం వస్తే ఎవరు బాధ్యులని నేనూ గొణిగాను. తనేనంది. రోజూ పొద్దున్నే తనే వచ్చి, కుడిచేతి బీపీ చూసి మందులు సర్దేది.

నిషేధం ముగిసింది. బోట్లు వెళ్లాయి, ఎల్లాజీ వెళ్లలేదు. ఆ తర్వాతే పరీక్షలు కుదుటపడ్డాయి, ఆపరేషన్ జరిగింది. రక్తాన్ని ఆపి ఉంచిన క్లాంపులు తీయగానే పాలిపోయిన కిడ్నీ గులాబీరంగుకు తిరిగింది. కాసేపటికి గొట్టంలో మూత్రం దిగింది. చప్పట్లు కొట్టాలనిపించింది గానీ నా చేతులు ఖాళీ లేవు.

కొన్ని నెలలకు చెకప్‌కు వచ్చినప్పుడు కొత్త నర్సు ఎడమచేతికి పట్టీ కట్టబోయింది. నూకరత్నం చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఆ సెయ్యి అబద్దం సెప్తాదమ్మా, ఇటు కట్టు."

కుడిచేతిలోనూ బీపీ మామూలుగానే ఉంది. ఎప్పుడు కోయకూడదో తెలిసిన సర్జన్ పక్కన పనిచేయడం ఎంత అదృష్టమో నాకు ఆ వేసవిలోనే తెలిసింది.