తేటపడిన వాగు

చేపలక్క నీళ్లను చూసే తీరు వేరు. మనం నీళ్లలో ముఖం చూసుకుంటాం, లేదంటే ఆకాశం చూస్తాం. ఆమె అడుగు చూసేది. కొండ దిగి వచ్చే వాగు చేపల కేంద్రంలోకి మలుపు తిరిగే చోట, కాలువ అడుగున ఒక తెల్ల పింగాణీ పళ్లెం సిమెంటులో పొదిగి ఉంది. దాని అంచున గోరంత పెచ్చు ఊడింది. వానలకు వాగు బురద కక్కినప్పుడు గేటు దించేసి, పళ్లెం కనబడే దాకా ఆగాలి. పళ్లెం కనబడితే చాలదు, పెచ్చు ఊడిన చోటు కూడా కనబడాలి. అప్పుడే గేటు ఎత్తాలి. ఆమెకు ముందు అక్కడ పనిచేసిన పెద్దాయన నేర్పిన లెక్క అది. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది. కింద ఊళ్లో మాత్రం ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా చేపలక్క అనే పిలిచేవాళ్లు.

ఒకప్పుడు పెళ్లయింది. భర్తకు ఆమె చేతుల వాసన పడలేదు. ఓ ఉదయం గుమ్మంలో నిలబడి, "నేను కావాలా, ఆ చేపలు కావాలా, ఇప్పుడే తేల్చు" అన్నాడు. అప్పటికే మేత బకెట్టు ఆమె చేతిలో ఉంది. "ఒక్క నిమిషం ఆగు, మేత వేసొస్తా" అంది. ఆమె తిరిగొచ్చేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. ఈ సంగతి ఎవరైనా అడిగితే నవ్వుతూ చెప్పేది. చెప్పాక బకెట్టు తీసుకుని లేచేది.

కేంద్రం అంటే మూడు పొడవాటి సిమెంటు తొట్లు, మీద రేకుల కప్పు, ఒక మేత గది, దాన్నానుకుని ఆమె ఉండే గది. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, తొట్లవైపు తెరుచుకునే ఒక కిటికీ. తొట్లలో పెరిగేవి మచ్చల చేపలు. జానెడు పొడవు, ఒంటినిండా తేనెరంగు చుక్కలు, నీళ్లు కాస్త వేడెక్కితే ఓర్చుకోలేని సుకుమారం. ఆ వాగులో తప్ప ఇంకెక్కడా పుట్టవు. ఏటా పెద్దచేపల నుంచి గుడ్లు తీసి, పొదిగించి, పిల్లలు కాస్త ఈత నేర్చాక వాగులో వదిలేవాళ్లు.

ఆ ఎండాకాలం కొండ అంటుకుంది.

పదకొండు రోజులు కాలింది. పగటిపూటే సూర్యుడు పండిన మిరపకాయలా ఎర్రబడ్డాడు. రేకుల కప్పు మీద, కిటికీ చువ్వల మీద, ఆమె జుట్టు మీద బూడిద చప్పుడు లేకుండా రాలింది. విమానాలు వచ్చి మంటల మీద ఎర్రటి మందు చల్లాయి. చివరికి మంట ఆరింది. కొండ ఆకారం మాత్రం మిగిలింది, కొండ మిగలలేదు.

కేంద్రంలో ఉన్న మిగతా ఇద్దరినీ వేరే చోటికి బదిలీ చేశారు. "నువ్వూ వచ్చెయ్యక్కా, ఇక్కడ ఎవరున్నారని?" అన్నారు వాళ్లు సామాను కట్టుకుంటూ.

"అరవై ముగ్గురున్నారు" అంది.

ఆడవీ మగవీ కలిపి పెద్దచేపలు అరవై మూడు. వాగులో ఉన్నవాటి గతి ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఇవి కూడా పోతే ఆ చేప ఇక ఉండదు. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పట్నం ఆఫీసు నుంచి నీటి పరీక్షలాయన వచ్చాడు. బక్కమనిషి, ఏం మాట్లాడాలన్నా ముందు గొంతు సవరించుకుంటాడు. ఒక చిన్న డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. లోపల రంగు మారే కాగితపు ముక్కలు.

"తొలి వానలు పడ్డాక గేటు ఎత్తేముందు ఇది ముంచి చూడక్కా. నీలంలోకి తిరిగితే ఎత్తొద్దు."

"నాకు కళ్లుండగా కాగితాలెందుకు సారూ?"

"కళ్లకు కనబడనివి కూడా ఉంటాయి కదా."

"కనబడనివాళ్లతో కాపురం నాకు కొత్త కాదులెండి."

నవ్వాలో వద్దో తెలియక ఆయన మళ్లీ గొంతు సవరించుకున్నాడు. ఆయన వెళ్లాక డబ్బాను మేత గది అలమరలో పెట్టింది.

తొలి వాన ఓ మధ్యాహ్నం పడింది. గంటసేపు కూడా పడలేదు. ఆమె గేటు దగ్గరే గొడుగు కింద నిలబడింది. వాగు ముందు వాసనగా వచ్చింది, పొయ్యిలో నీళ్లు పోసినప్పటి వాసన. ఆ తర్వాత రంగుగా వచ్చింది. బురద రంగు కాదు, నలుపు. మీద నురగ, బొగ్గు ముక్కలు, సగం కాలిన కొమ్మలు. ఇన్నేళ్లలో అలాంటి నీళ్లు చూడలేదు. గేటు దించేసి, బావి మోటారు వేసింది.

బావి నీళ్లు ఒక్క తొట్టికే చాలతాయి. అరవై మూడింటినీ నడిమి తొట్టిలోకి చేర్చింది. చేపలకు మెసలడానికి చోటు లేకపోయింది. బావి నీళ్లలో ఊపిరి తక్కువ. అందుకని బకెట్టుతో ముంచి ఎత్తుమీద నుంచి పోస్తూ, ముంచి పోస్తూ, మూడు రోజులు గడిపింది. భుజాలు పడిపోయాయి. మూడో రోజు సాయంత్రానికి చేపలు మూతులు పైకెత్తి గాలి కోసం నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి.

నాలుగో రోజు పొద్దున కాలువ దగ్గరికి వెళ్లింది. పళ్లెం కనబడింది. పెచ్చు ఊడిన చోటూ కనబడింది. పెచ్చు కింద సిమెంటు గరుకు కూడా కనబడింది. నీళ్లు అంత తేటగా ఎన్నడూ లేవు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. డబ్బా గుర్తుకు రాకపోలేదు. అలమర నలభై అడుగుల దూరం. వెనక తొట్టిలో చేపలు నీళ్లపైన నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

గేటు ఎత్తింది.

అరగంట సేపు అంతా బాగానే ఉంది. చేపలు అడుగుకు దిగాయి. ఆమె గట్టు మీద కూర్చుని మూడు రోజుల తర్వాత తీరిగ్గా టీ తాగింది. గ్లాసు సగం కాకముందే ఒక చేప పక్కకు ఒరిగి గుండ్రంగా తిరిగింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత నాలుగు ఒక్కసారే గాల్లోకి ఎగిరి గట్టుకు కొట్టుకున్నాయి. గేటు దించడానికి పరిగెత్తింది. తడి చేతుల్లోంచి పిడి రెండుసార్లు జారింది. దించి, మోటారు వేసి, బకెట్లలో బావి నీళ్లు పట్టి, బతికున్నవాటిని ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి వేసింది. మధ్యాహ్నానికి నలభై నాలుగు చచ్చిపోయాయి. తడి గోనె మీద వరసగా పెట్టింది. ఒక మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉండాల్సింది గోధుమరంగుకు తిరిగి, జిగురు పట్టి ఉంది.

ఫోను తీసింది. "సారూ, ఎత్తేశాను."

"ఏంటక్కా?"

"గేటు. కాగితం ముంచకుండా ఎత్తేశాను."

అవతల పరీక్షలాయన గొంతు సవరించుకున్నాడు. "వస్తున్నా" అన్నాడు.

వచ్చి కాలువలో కాగితం ముంచాడు. ముదురు నీలం. ఆమె ఆ రంగును కళ్లార్పకుండా చూసింది.

"బూడిద అడుగుకు దిగిపోతుందక్కా, దాని గుణం నీళ్లలో కరిగి ఉంటుంది. వెనకటికి బూడిద నీళ్లతో బట్టలు ఉతికేవాళ్లు చూడు, అలాంటి క్షారం. ఆపైన విమానాల్లోంచి చల్లిన మందొకటి. అది సగం ఎరువే. నీళ్లలో పడితే అమ్మోనియా అవుతుంది. క్షారంతో కలిస్తే చేపకు విషం. ఇందులో కంటికి కనబడేది ఏదీ లేదు."

"మరి అంత తేటగా ఎందుకున్నాయి?"

"పాచి కూడా చచ్చిపోయింది గనక."

"ముంచి చూసుంటే?"

ఆయన అబద్ధం చెప్పగలడు. చెప్పలేదు. "నీలమే వచ్చేది."

"తిట్టండి సారూ."

"అది నా ఉద్యోగంలో లేదక్కా" అని, గోనె మీది చేపల్ని పూడ్చడానికి ఆయనే పార తీసుకున్నాడు.

తర్వాత ఇద్దరూ వాగు వెంట పైకి నడిచారు. ఒడ్డున చిన్న చేపలు ఎండిన ఆకుల్లా పడి ఉన్నాయి. ఆమె వంగి ఒక రాయి తిప్పింది. ఆ రాళ్ల కింద నీటిపురుగులు ఇసుక రేణువులతో చిన్న గొట్టాలు కట్టుకుని కాపురముండేవి. చేపలకు అవే తిండి. ఇప్పుడు రాతి కింద నల్లటి బంక ఉంది. ఇంకో రాయి తిప్పింది. ఇంకొకటి. పదో రాయికి ఆయన, "చాల్లే అక్కా" అన్నాడు. చెట్ల నీడ లేక నీళ్లు చేతికి గోరువెచ్చగా తగిలాయి.

"ఎన్నాళ్లు పడుతుంది?"

"ముందు నీడ రావాలి. తర్వాత పురుగు రావాలి. ఆ తర్వాత చేప. ఐదేళ్లో, ఇంకా ఎక్కువో."

ఇక బావి అన్నాళ్లు ఆగదు. పందొమ్మిదింటినీ అవతలి లోయలో ఉన్న కేంద్రానికి పంపాలన్నాడు ఆయన. అక్కడ చల్లటి ఊట ఉంది, మనుషులున్నారు, ఆమెకు మాత్రం ఉద్యోగం లేదు. ఆమె భయం అది కాదు. ఈ చేపలకు చోటు మారితే తిండి మానేసే గుణముంది. పెద్దాయన ఒకసారి పన్నెండింటిని పంపితే పది రోజులు ముట్టకుండా అన్నీ పోయాయి.

"సంతకం నువ్వే పెట్టాలి" అని కాగితం ఇచ్చి వెళ్లాడు.

ఆ సాయంత్రం చెల్లెలికి ఫోను చేసింది.

"ఇప్పుడైనా వచ్చెయ్యవే అక్కా, గది ఖాళీగానే ఉంది."

"అందులో మీ ఆయన కుట్టుమిషన్ పెట్టాడన్నావుగా?"

"తీసి పారేద్దాం. ఆయన కుట్టిన చొక్కాకి తల దూరే దారే లేదు."

ఆమె నవ్వబోయి ఆగింది. "పందొమ్మిదే మిగిలాయే."

"పందొమ్మిది మిగిలాయిగా."

"నా చేత్తో నేనే చంపుకున్నట్టయింది."

"ఎప్పుడూ చూసినట్టే చూసి ఎత్తావు. అందులో నీ తప్పేముంది?"

"ఎప్పుడూ చూసినట్టే చూడటమేనే తప్పు."

ఫోను పెట్టేశాక ఆమె సంతకం చేసింది.

రెండు రోజులకు వ్యాను వచ్చింది. గాలి నింపిన సంచుల్లో చేపల్ని తనే వేసింది. ముందు సీటులో డ్రైవరుకూ పరీక్షలాయనకూ చోటు సరిపోయింది. మేత ఎలా వెయ్యాలో ఒక కాగితం నిండా రాసిచ్చింది: ఎండ వాలాక వెయ్యాలి, చిటికెడే వెయ్యాలి, వేసే మనిషి నీడ నీళ్ల మీద పడకూడదు. వ్యాను మలుపు తిరిగాక కూడా కాసేపు అక్కడే నిలబడింది.

ఖాళీ అయిన నడిమి తొట్టిని కడిగి, బావి నీళ్లు పెట్టింది. మోటారు ఆపలేదు. తినకపోతే వెనక్కి తెచ్చెయ్యాలి, వచ్చేసరికి నీళ్లు సిద్ధంగా ఉండాలి.

రోజూ సాయంత్రం పరీక్షలాయన ఫోను చేసేవాడు. "ఇవాళ కూడా ముట్టలేదక్కా." మూడో రోజూ అంతే, ఐదో రోజూ అంతే. ఆ ఒక్క మాట కోసం ఆమె పొద్దుటి నుంచి ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగేది. మిగతా రోజంతా మాట్లాడే పని ఉండేది కాదు. ఓసారి ఫోను ఎత్తితే గొంతు పెగల్లేదు. నిన్నటి ఫోను తర్వాత మళ్లీ అప్పుడే నోరు విప్పుతున్నానని తెలిసింది.

ఎనిమిదో రోజు ఆయన గొంతు నీరసంగా ఉంది. "మేత మార్చి చూద్దామంటున్నారు."

"మేత వేసేటప్పుడు మీరెక్కడుంటారు?"

"గట్టు మీదే."

"ఎంతమంది?"

"నలుగురం. ఒక్కోసారి ఆరుగురం. తింటాయేమోనని అందరం చూస్తూనే ఉన్నాం, పాపం."

ఆమె కళ్లు మూసుకుంది. కాగితంలో అన్నీ రాసింది, ఇది రాయలేదు. రాయాల్సిన సంగతని తట్టలేదు. ఆ చేపలు పుట్టిన దగ్గర్నుంచి మేతవేళ గట్టు మీద ఒక్క మనిషినే చూశాయి.

"అందరూ వెళ్లిపోండి సారూ. ఒక్కళ్లనే ఉంచండి. మాట్లాడకూడదు. కూర్చునే వెయ్యాలి, వేశాక కూడా అక్కడే కూర్చోవాలి. వాటికి మంది అలవాటు లేదు."

మర్నాడు సాయంత్రం ఫోను పొద్దుపోకముందే మోగింది.

"తిన్నాయక్కా! అన్నీ తిన్నాయి!"

ఆమె గోడకు ఆనుకుంది. "ఎవరు వేశారు?"

"ఇక్కడ తొట్లు ఊడ్చే ఆవిడ. పెద్దగా ఎవరితోనూ మాట్లాడదు. గంటసేపు కదలకుండా కూర్చుంది."

"రేపు కూడా ఆవిడనే వెయ్యమనండి."

"అలాగే. ఇంకేమైనా చెప్పాలా?"

చాలా ఉన్నట్టనిపించింది. వెతికితే ఒక్కటీ దొరకలేదు. "లేదు సారూ. రోజూ ఫోను చెయ్యక్కర్లేదు ఇక" అంది.

బయట ఇంకా వెలుతురుంది. నడిమి తొట్టి దగ్గరికి వెళ్లి, స్విచ్చి నొక్కి మోటారు ఆపింది. గొట్టంలోంచి రెండు గుక్కల నీళ్లు వచ్చి ఆగిపోయాయి. గట్టు మీద కూర్చుని, తొట్టిలో నీళ్లు పూర్తిగా నిలిచేదాకా చూసింది. మేతవేళ అయింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.