మా గేటుకు అడ్డం నిలిచిన కారు

తిరుపతిలో మా వీధి రైల్వే స్టేషనుకు దగ్గర. రైలెక్కేవాళ్ళు కార్లు తెచ్చి మా వీధిలో వదిలేసి పోతుంటారు. ఆ వేసవిలో ఒక తెల్ల కారు సరిగ్గా మా గేటుకు అడ్డంగా నిలిచింది. సాయంత్రానికి తీస్తారులే అనుకున్నాను. వారం దాటినా కదల్లేదు. అద్దాల మీద వేపాకులు రాలి, దుమ్ము పట్టింది.

అప్పుడే నాయనకు తుంటి ఎముక ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని నడుస్తున్నాడు. కారుకూ గోడకూ మధ్య వాకర్ పట్టదు. ఆసుపత్రికి పోవాల్సిన రోజు నేనే ఆయన నడుం పట్టుకుని, పక్కకు తిప్పి, కాలువ మీది బండ మీదుగా ఆటో దాకా నడిపించేదాన్ని. ఒకసారి బండ కదిలి, ఆయన కారు మీదికి తూలాడు.

"ఈ కారోడు కనబడనీ, సెప్తా వాని పని," అన్నాడు రొప్పుతూ.

కూడలిలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను అడిగాను.

"మీ వీధిలో నో పార్కింగ్ బోర్డు ఉండాదా మ్మా?"

"లేదు."

"బోర్డు లేకుంటే మేమేం సేసేది? వార్డు ఆఫీసులో అడగండి."

వార్డు ఆఫీసులో గుమాస్తా, "బోర్డు పెట్టాలంటే పోలీసోళ్ళు సెప్పాల," అన్నాడు. ఒక బండి ఎన్నాళ్ళు రోడ్డు మీద ఉండొచ్చని అడిగితే, అది కూడా పోలీసులనే అడగమన్నాడు.

చివరికి కారాయన వచ్చాడు, భార్యతో, సంచులతో.

"పాకాల మాది. కాశీకి పోయొచ్చినాం. స్టేషన్ కాడ ఎండ, ఈడైతే సెట్టు నీడ ఉండాది గదా అని పెట్టినా," అన్నాడు తాపీగా.

నేను నోరు తెరిచేలోపే వాకిట్లోంచి నాయన, "దర్శనం బాగా అయిందా అబ్బా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు ఆయన చేతిలో ప్రసాదం పెట్టి వెళ్ళిపోయారు.

మరుసటి రోజే గేటు ముందు రెండు సిమెంటు పూలకుండీలు పెట్టించాను. వార్డు వాళ్ళు వచ్చి ట్రాక్టర్లో ఎక్కించుకున్నారు.

"రోడ్డు అందురిదీ మ్మా. అడ్డం పెట్టగూడదు."

"మరి కార్లు?"

"కార్లు వేరే," అన్నాడు డ్రైవరు.

ఆ సాయంత్రానికే ఒక నీలం కారు వచ్చి అక్కడ నిలిచింది.

ఇక మేస్త్రీని పిలిపించి, ఇంటి పక్కన కార్లు పట్టని సందు వైపు ప్రహరీ పగలగొట్టి చిన్న గేటు పెట్టించాను. నాయన ఇప్పుడు అటునుంచే వెళ్తున్నాడు. సొంత గోడను డబ్బిచ్చి పగలగొట్టించుకున్న ఆ రోజు మాత్రం నాకు అన్నం సయించలేదు.