తాడు చివర చెయ్యి వదలాలి

మా సైన్స్ టీచరమ్మ పోయారన్న కబురు సేత్తూరు నుంచి మొదటి బస్సులో వచ్చింది. రోజూ ఆ బస్సులోనే ఆవిడా వచ్చేవారు. నిద్రలో గుండె ఆగిందట. కూర్చోమంటే కూర్చోని మనిషికి గుండె ఆగడమేమిటని నాకు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. సోమవారం నుంచి ఆవిడ క్లాసు నాదే అని బడిలో చెప్పారు. అప్పట్నుంచి నాకూ కాలు ఒకచోట నిలవడం లేదు.

రాజపాళయం ఆడపిల్లల బడిలో ఆవిడ దగ్గరే చదువుకుని, తర్వాత ఆవిడ పక్కనే టీచరునయ్యాను. మా పుస్తకాల్లో లేని పాఠాలు మదురై నుంచి పత్రికలు తెప్పించుకుని మరీ చెప్పేవారు. కణంలో ప్రోటీన్ ఎలా తయారవుతుందో చూపడానికి వరండాలో ముడుల తాడు కట్టేవారు. ఆ తాడు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, అంటే ఏ ప్రోటీన్ చెయ్యాలో చెప్పే కబురు. తాడు మొదట్లో ఒక పొడుగు పిల్లా ఒక పొట్టి పిల్లా చెయ్యి కలిపితే అది రైబోజోమ్, ఆ కబురు చదివి ప్రోటీన్ అల్లే యంత్రం. ముడికో పూస గుచ్చుతూ నడిచి, చివర దండ, అంటే తయారైన ప్రోటీన్, దించి, పట్టిన చెయ్యి వదలకుండా మళ్లీ మొదటికి రావాలి. మా ఊళ్లో ఒక్కో పేటనీ ఒక కోట అంటారు; ఏ కోట వీధుల పిల్లలు ఆ కోటవాళ్లతోనే జతకట్టేవాళ్లం. నా జత మా మేనత్త కూతురు.

ఏళ్ల తర్వాత ఒక ఆదివారం ఆవిడ మా గుమ్మంలో నిలబడ్డారు.

"తప్పు చెప్పినాను అమ్మా. చివర్లో రైబోజోమ్ రెండు ముక్కలూ విడిపోతాయంట. అప్పురం, మళ్లీ మొదట్లో, ఏది దొరికితే దాంతో కలుస్తాయంట."

"సరి టీచర్, రేపు పిల్లలకి చెప్తాము."

"మీకు చెప్పింది తప్పుగానే ఉండిపోయె గదా."

ఆ రోజంతా కోటకోటకీ తిరిగి, చంకన బిడ్డలతో ఉన్న పాత శిష్యురాళ్లకి చెప్పి వచ్చారు. నాకు నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది.

మర్నాడు పిల్లలు చేతులు వదిలితేగా. "ఆ కోట పిల్లతో నాకు మాటా పేచ్చూ లేదు టీచర్," అంది ఒకతె.

"పేచ్చు ఎవురడిగినారు? చెయ్యి ఇయ్యి, చాలు. నువ్వు దీని చెయ్యి విడవకుంటే అక్కడ తాడు మొదట్లో పని ఎట్ల మొదలవుతాది?"

జత దొరకని పిల్లకి ఎప్పుడూ ఆవిడే చెయ్యి ఇచ్చేవారు.

సోమవారం నేను తాడు కట్టాను. ఒక పిల్ల మిగిలింది. చెయ్యి ఇచ్చాను. పూసలు గుచ్చుతూ చివరి ముడి దాకా వచ్చాం. దండ దించాక ఆ పిల్ల చెయ్యి పట్టుకునే అక్కడ నిలబడిపోయాను.

"టీచర్, చెయ్యి విడండి," అంది ఆ పిల్ల మెల్లగా. "అక్కడ అది కాచుకోని ఉంది."

తాడు మొదట్లో వేరే కోట పిల్ల, చెయ్యి చాపి నిలబడి ఉంది.