అల్బేనియా కస్టమరు వెంకటి

జగిత్యాల వెంకటి అల్బేనియా కోటల గురించి చెబుతుంటే ఆయన అక్కడే పుట్టి పెరిగాడనుకుంటారు. కువైట్ సిటీలో ఒక ట్రావెల్ ఆఫీసులో ఆరేళ్లుగా చాయ్ పోస్తూ, కస్టమర్లకు చెప్పే మాటలన్నీ విని బుర్రకెక్కించుకున్నాడు. ఆయన తిరిగిన దారి మాత్రం అర్దియాలోని గది నుంచి ఆఫీసు దాకా వచ్చే బస్సు దారి ఒక్కటే.

కాగితాల మీద వెంకటి ఒక కువైటీ ఇంటి తోటమాలి. ఆ ఇంటికి తోట లేదు. ఇంటి పనికిచ్చే ఇఖామా, అంటే నివాస పర్మిట్ మీద వచ్చినవాడు ఆఫీసులో పనిచేయడం నేరం, దొరికితే విమానమెక్కిస్తారు. అలా పెట్టి పనిచేయించుకునేవాళ్లు మాత్రం ఏ విమానమూ ఎక్కరు.

ఏప్రిల్‌లో ఒకరోజు తనిఖీ అధికారి లోపలికొచ్చాడు. మేనేజర్ నౌమాన్ వెంకటి చేతిలో ట్రే లాక్కుని, ఆయన్ని కస్టమర్ల కుర్చీలోకి తోశాడు.

"మీరిప్పుడు కస్టమరండీ అన్నయ్యా, కాలు మీద కాలేసుకోండి," అంది టికెట్లు కొట్టే కోనసీమ సత్యశ్రీ.

"యాడ ఏసుకోవాలె చెల్లె, ఆరేండ్లు నిలబడ్డ కాళ్లు, మడ్తవడ్తలేవు."

అధికారి పక్క కుర్చీలో కూర్చుని, ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు. వెంకటి నోట "అల్బేనియా" అని వచ్చేసింది. అంతే, అధికారి తనిఖీ సంగతి మరిచిపోయాడు. వాళ్లమ్మకు అక్కడి కోటలు చూడాలని ఉందట, మెట్లెక్కలేదట.

వెంకటి పనిలో నేర్చుకున్న అరబ్బీలో అందుకున్నాడు. బెరాత్ కోట లోపల ఇప్పటికీ సంసారాలున్నాయి, కానీ దారంతా నున్నటి రాళ్లు, అమ్మ జారుతుంది. బుత్రింత్‌లో ఎక్కాల్సింది తక్కువ, పాత నగరం నీళ్ల పక్కనే, చెట్ల నీడ. ష్కోదర్ దగ్గర రొజాఫా కోట గోడ నిలవకపోతే ఒక ఆడమనిషిని అందులో పెట్టి కట్టారని కథ.

"బతికుండగానే?" అన్నాడు అధికారి.

"అవును సార్. కట్టించినోళ్ల పేరు ఎవరికీ యాదికి లేదు. కోటకు ఆమె పేరే మిగిలింది."

నౌమాన్ స్వయంగా చాయ్ పెట్టి తెచ్చాడు. అధికారి ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు. ఆరేళ్ల అలవాటు! వెంకటి చెయ్యి దానంతటదే సాగి గ్లాసు తీసేసింది, రెండో చెయ్యి భుజం మీది తువ్వాలతో బల్ల తుడిచింది.

"అయిబాబోయ్!" అంది సత్యశ్రీ.

"ఇరవై ఏళ్ల సర్వీసులో నా గ్లాసు తీసిన కస్టమర్ని చూడలేదు," అన్నాడు అధికారి. "ఇతని బుకింగేదీ?"

నౌమాన్ కళ్లతో బతిమాలాడు. సత్యశ్రీ వెంకటి పేరు మీద తొమ్మిది రోజుల కోటల యాత్ర టకటకా కొట్టి కాగితం చేతికిచ్చింది. అధికారి చదివి, వెంకటి వీపు తట్టాడు. "వెళ్లి రా. వచ్చే నెల ఫొటోలు చూడ్డానికి వస్తాను."

తలుపు మూసుకోగానే నౌమాన్ నుదురు తుడుచుకున్నాడు. "ఖలాస్, బుకింగ్ క్యాన్సిల్. యల్లా, లే."

వెంకటి లేవలేదు. ఈసారి కాలు మీద కాలు కుదిరింది.

"ఆయన మళ్లొస్తడు. ఫొటోలన్న చూపాలె, కంపెనీ ఇఖామా అన్న చూపాలె. ఏది జేస్తవో జెయ్యి," అన్నాడు. సత్యశ్రీ దాన్ని నౌమాన్ కోసం హిందీలోకి మార్చింది, ఒక్క ముక్క తగ్గించకుండా.

వెంకటి మూడు రోజులు ఆ కుర్చీలోంచి కదల్లేదు. వచ్చినవాళ్లకు కోటలు చెప్పాడు. తనకు తెచ్చిన చాయ్‌లో చక్కెర తక్కువైందన్నాడు. నాలుగో రోజు నౌమాన్, ఇఖామా కంపెనీకి మార్చే కాగితం మీద ఆ తోట లేని ఇంటి కఫీల్, అంటే యజమాని సంతకం తెచ్చాడు.