అరుగు ముందు దిగని సైకిలు

నా కుడి మోకాలు చెడుగుడులో పోయింది. అప్పటికి నేను పిల్లకాయను కాను, బడిలో అయ్యవారిని. పిల్లల ముందు గొప్పకు పోయి కూతకు వెళ్తే నలుగురు మీద పడ్డారు. ఎముకల మధ్య మెత్తటి పొర చిరిగిందని తిరుపతి డాక్టరు చెప్పాడు. రెండు పక్కలా ఇనుప బద్దలు కుట్టిన తోలు పట్టీ ఒకటి కట్టించాడు. "సైకిలు తొక్కు, మంచిదే. మాటిమాటికీ ఎక్కడం దిగడం మాత్రం వద్దు. మళ్లీ వాచిందంటే సైకిలు మర్చిపో" అన్నాడు.

సైకిలు మరిస్తే ఉద్యోగమూ మరవాల్సిందే. ఏర్పేడులో మా ఇంటి నుంచి బడి ఉన్న పల్లెకు ఆరు మైళ్లు, బస్సు లేదు. ఇంటి దగ్గర గోడ పట్టుకుని ఎక్కేవాణ్ణి, బడి మెట్టు మీద కాలు మోపి దిగేవాణ్ణి. చిక్కల్లా మధ్యలోనే. ఆ పల్లె పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉంటే ఎవరైనా సరే సైకిలు దిగి, నడిపించుకుంటూ పోయి, మలుపు తిరిగాకే ఎక్కాలి. పట్టీ కట్టుకున్న మొదటి రోజు నేనూ దిగాను. సాయంత్రానికి మోకాలు బూరెలా పొంగింది.

"దిగినంత మాత్రాన ఏమైపోతావు రా?" అన్నాడు నాయన. నాకు ఒళ్లు మండింది. ఆ పెద్దాయన అరుగు మర్యాదకు నా కాలు బలి పెట్టాలా?

మర్నాడు దిగలేదు. ఒక చేత్తో నమస్కారం పెట్టి ముందుకు తొక్కాను.

"ఎవుర్రా అది, దిగకుండా పోతా ఉండేది?" అని వెనక నుంచి పెద్దాయన కేక.

సాయంత్రం బడి వదిలేసరికి రమ్మని కబురొచ్చింది. అరుగు దాకా తొక్కుకుంటూనే పోయి, ఆ అరుగు అంచు మీదే కాలు మోపి దిగాను. అప్పటికే అక్కడ జనం పోగయ్యారు.

"ఏమయ్యోరా, దిగితే నీ సొమ్మేం పోతాది?"

"సొమ్ము పోదు సామీ, మోకాలు పోతాది."

పంట్లాం పైకి మడిచి పట్టీ చూపించాను. ఆయన వంగి ఇనుప బద్దను వేలితో కొట్టి చూశాడు. తగ్గితే పరువు తక్కువ, తగ్గకపోతే పాపం. చివరికి గొంతు సవరించుకుని, "సరే పో. మోకాళ్లు పోయినోళ్లు దిగబల్లేదు, తొక్కుకుంటానే పోవచ్చు" అని అందరూ వినేట్టు తీర్పు చెప్పాడు. లాటరీ తగిలినవాడిలా ఇంటికి తొక్కాను.

వారం తిరక్కముందే ఆ పల్లెలో మోకాళ్లు టపటపా పోసాగాయి. పాలు పోసే ఆయన మోకాలికి తువ్వాలు చుట్టుకుని దిగకుండా పోయాడు. మర్నాడు గాజులమ్మే ఆయన. పెద్దాయన పళ్లు కొరుక్కున్నాడే గానీ ఎవరినీ ఆపలేదు. తన మాట తనే ఎట్లా కాదంటాడు? నాకైతే ఎక్కాలు చెప్పేటప్పుడు కూడా నవ్వు ఆగేది కాదు.

ఒక పొద్దున గడ్డిమోపులు అమ్మే తాత సైకిలు మీద ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఆ అరుగు ముందు దిగి నడిచిన మనిషి. రెండు కాళ్లకూ తువ్వాళ్లున్నాయి.

"ఏం తాతా, నీక్కూడానా?"

"రెండూ పోయినాయి అయ్యోరా!" అంటూ, బెల్లు మోగించుకుంటూ, అరుగు ముందు నుంచే తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.